నాలుగింటికి లేవమని చెప్పకండి

ఈ మధ్య ఏ మహిళల పేజీ తిరగేసినా, ఫోన్‌లో ఏ వీడియో కదిపినా ఒకటే ప్రవచనం. "మీకోసం మీరు రోజుకో గంట కేటాయించుకోండి." చెప్పేవాళ్ళు ఇస్త్రీ చీర కట్టుకుని, వెనకాల ఓ మనీప్లాంటు పెట్టుకుని, నవ్వుతూ చెబుతారు. యోగా చేయండి, డైరీ రాసుకోండి, తలకి నూనె పట్టించుకోండి, గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం పిండుకుని తాగండి. బాగానే ఉంది. ఇంతకీ ఆ గంట ఎక్కణ్ణుంచి తేవాలమ్మా అంటే దానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఇంట్లో అందరికంటే ఓ గంట ముందు లేవండి. బ్రాహ్మీ ముహూర్తం! నాలుగింటికి లేచి చూడండి, రోజంతా మీదే."

నా పోట్లాట ఆ నాలుగింటి మీదే.

లెక్క వేసుకుందాం. సగటు ఇంట్లో ఆవిడ పడుకునేది ఎప్పుడు? అందరి భోజనాలూ అయ్యాక గిన్నెలు సింకులో వేసి, గట్టు తుడిచి, పాలు తోడేసి, పొద్దుటి బాక్సులోకి శనగలు నానబోసి, గ్యాస్ కట్టి, తలుపులు చూసుకుని మంచమెక్కేసరికి పదకొండు. పిల్లలకి పరీక్షలుంటే పన్నెండు. స్కూలు వ్యాను ఏడూ నలభైకల్లా వీధి చివర హారన్ కొడుతుంది కాబట్టి ఇప్పటికే అయిదింటికి లేస్తోంది. అంటే నిద్ర ఆరు గంటలు, అదీ రాత్రి ఎవరూ దగ్గకుండా, ఎవరికీ జ్వరం రాకుండా ఉంటే. వయసొచ్చిన మనిషికి కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఉన్న ఆరులోంచే ఇంకో గంట కోసి, "ఇదిగో, ఇది నీ సొంత సమయం" అని చేతిలో పెడుతున్నారు. కుడిచేతి గాజు తీసి ఎడమచేతికి తొడిగి, కొత్త గాజు కొనిపెట్టామని చెప్పినట్టుంది.

ఈ సలహా మగవాళ్ళకి ఎవరైనా ఇస్తారా, గమనించారా? ఆయన ఆరింటికి వాకింగ్‌కి వెళ్ళి, పార్కు దగ్గర స్నేహితులతో ఓ టీ తాగి, ఏడున్నరకి పేపరు చంకన పెట్టుకుని వస్తారు. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషి అంటాం. ఆ గంటన్నరలో బాక్సులూ చట్నీలూ జడలూ సాక్సులూ ఎవరో చూస్తున్నారు గనక ఆయన వాకింగ్ సాగుతోంది. అదే ఆరింటికి ఆవిడ చెప్పులు వేసుకుని గేటు తీస్తే? "ఇల్లు పట్టదమ్మా ఆవిడకి." ఆయన గంటకి ఇంట్లో ఒకరు కాపలా ఉన్నారు. ఈవిడ గంటకి ఎవరూ లేరు కాబట్టి, అందరూ నిద్రపోయే వేళ దొంగలా తీసుకోమంటున్నారు.

ఇది ఒకరిద్దరి ఇళ్ళ గోల అనుకునేవాళ్ళకి అంకెలు చెబుతాను. మనుషులు రోజులో 24 గంటలూ దేనికి ఖర్చుపెడుతున్నారో అడిగి రాసుకునే సర్వే ఒకటి కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం చేస్తుంది. టైమ్ యూజ్ సర్వే అంటారు. 2019లో చేశారు, మళ్ళీ 2024లో చేశారు. 2019లో ఇంటిపని చేసిన ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. చేసిన మగవాళ్ళు 97 నిమిషాలు. "చేసిన మగవాళ్ళు" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆ సర్వేలో జీతం లేని ఇంటిపనిలో చెయ్యి పెట్టిన ఆడవాళ్ళు నూటికి 81 మంది, మగవాళ్ళు 26 మంది. మిగతా 74 మంది మగమహారాజులు ఆ 97 నిమిషాల సగటులో లేనే లేరు. అయిదేళ్ళు గడిచి 2024 వచ్చేసరికి ఆడవాళ్ళ లెక్క 289 నిమిషాలకి దిగింది. పది నిమిషాలు మిగిలాయి, సంతోషం. ఆ పదీ మగవాళ్ళు అందుకున్నారేమోనని ఆశగా చూస్తే, వాళ్ళది 88కి దిగింది! పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పని ఇందులో కలవలేదు, దాని పద్దు వేరే ఉంది. అక్కడా మనదే పైచెయ్యి.

289 నిమిషాలంటే నాలుగు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. ఆదివారం లేదు, పండగ లేదు. పండగైతే ఇంకా ఎక్కువ. ఈ పనికి వెల కట్టే సందర్భం ఒక్కటే నాకు తెలుసు, ఆవిడ రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు. 2010లో అలాంటి ఒక పరిహారం కేసులో సుప్రీంకోర్టు, జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ఉత్పాదకత లేనివాళ్ళ గడిలో వేయడాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ మాట చదివినప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పోయాక లక్షల్లో లెక్క కడతారు. ఉన్నన్నాళ్ళూ "ఇంట్లోనేగా ఉంటావు, ఏం పని?"

ఇంతకీ తనని తాను చూసుకోవడమంటే ఏమిటి? ఫేస్‌ప్యాకుల మీద నాకేం కోపం లేదు, పెట్టుకునేవాళ్ళు హాయిగా పెట్టుకోండి. నేను అంతకంటే కింది మెట్టు సంగతి మాట్లాడుతున్నాను. థైరాయిడ్ మాత్ర తీసుకోండి. మన వయసు ఆడవాళ్ళు నలుగురు చేరితే ఒకరి ఫ్రిజ్ మీదైనా ఆ సీసా ఉంటుంది. పరగడుపున వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీగానీ టిఫినుగానీ ముట్టకూడదు. కాఫీ పడితే ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే దానికీ వాటికీ నాలుగ్గంటల ఎడం ఉండాలి. చదవడానికి రెండు వాక్యాలే. మన వంటింట్లో జరిగేదేమిటి? లేవగానే మాత్ర మింగుతుంది. ఆ వెంటనే అందరికీ కాఫీ కలపాలి. కలిపిన చేత్తోనే తనూ నాలుగు గుక్కలు తాగేస్తుంది, ఎందుకంటే అప్పుడు తాగకపోతే మళ్ళీ తొమ్మిదిదాకా గ్లాసు పట్టుకునే తీరిక ఉండదు. కొన్నాళ్ళకి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగిందని డాక్టరుగారు డోసు పెంచుతారు. పెంచాల్సింది డోసా, ఆ అరగంటా?

తిండి సంగతీ అంతే. అందరికీ వేడివేడి అట్లు వేసి, చివరి పిండితో వేసుకున్న అట్టు చల్లారాక, చట్నీ గిన్నె తుడుచుకుని నిలబడి తినేవాళ్ళు ఇప్పటికీ ఎంతమంది లేరు? "నాకు అడుగు మాడిందే ఇష్టం" అని నవ్వే అమ్మలు మనందరికీ తెలుసు. ఆ ఇష్టం ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 నాటిది, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని చెప్పింది. మగవాళ్ళలో 25 మందికి. అంతకుముందు విడతలో ఆడవాళ్ళ అంకె 53. తగ్గాల్సింది పెరిగింది. ప్రతి నెలా పోయే రక్తం ఒక కారణం, అది దేవుడు పెట్టింది. చివర కూర్చున్న మనిషి కంచంలోకి ఆకుకూర అడుగూబొడుగూ రావడం మాత్రం దేవుడు పెట్టింది కాదు.

మా వీధిలో ఒకావిడ సంగతి చెబుతాను. నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని ఆవిడకి నిరుడు వేసవిలోనే తెలుసు. చూపించుకోమని అందరూ అన్నారు. ముందు కొడుకు పరీక్షలన్నారు. తర్వాత ఆడపడుచుగారమ్మాయి పెళ్ళి, ఆపైన శ్రావణమాసం నోములు, దసరా, మామగారి కంటి ఆపరేషను. అన్నీ అయ్యాక, సంక్రాంతి ముగ్గేస్తూ వాకిట్లోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ చూస్తే ఆరున్నర. పన్నెండు దాటి ఉండాలి, ఎనిమిది కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత అంటారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ మూడు రోజులూ ఆ ఇల్లు నడిచింది. కొడుకు అన్నం వండాడు, ఆయన టిఫిను తెచ్చారు, అత్తగారు పాలవాడికి లెక్క చూశారు. అంటే నడపగలరన్నమాట! ఆవిడ మంచం మీద ఉంటే చేతనైన పని, ఆవిడ స్కానింగ్‌కి వెళ్ళడానికి ఒక్క పూట కావాల్సినప్పుడు ఎందుకు చేతకాలేదు? చూడ్డానికి వెళ్ళినవాళ్ళం అందరం "ముందే చూపించుకోవాల్సింది, నిన్ను నువ్వు నిర్లక్ష్యం చేసుకున్నావు" అనే అన్నారు. నిర్లక్ష్యం ఆవిడ ఒక్కతే చేసిందా?

ఇంకో మాటా తరచూ వింటుంటాం. "పిల్లలు పుట్టేశారుగా, ఆ సంచి తీయించేసుకుంటే పీడాపోతుంది." గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దానికి రెట్టింపుకు మించి ఉన్నారని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. కొందరికి అది నిజంగా అవసరం, కాదనను. కానీ మందులతో, నాలుగుసార్లు డాక్టరు దగ్గరికి తిరగడంతో తగ్గేదానికి కూడా కత్తే ఎందుకు ముందుకొస్తోందో ఆలోచించండి. నాలుగుసార్లు తిరగాలంటే నాలుగు పూటలు కావాలి. ఆపరేషనంటే ఒక్కసారితో పోతుంది, పని ఆగదు.

"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? రోట్లో రుబ్బాం, కట్టెల పొయ్యి ఊదాం, పదిమందికి వండాం" అంటారు పెద్దవాళ్ళు. నిజమే, వాళ్ళ చేతులకి దణ్ణం పెట్టాలి. గ్రైండరు వచ్చింది, గ్యాసు వచ్చింది. దాంతోపాటు పొద్దున్నే ముగ్గురికి మూడు రకాల టిఫిన్లూ వచ్చాయి, రాత్రి పదింటికి స్కూలు వాట్సాప్ గ్రూపులో "రేపు చార్టు, పసుపు రంగు టీషర్టు తీసుకురావలెను" అనే సందేశమూ వచ్చింది. యంత్రం మిగిల్చిన నిమిషాన్ని ఇంకో పని వచ్చి ఆక్రమించింది.

ఆ కాలంలో ఆడదానికి విశ్రాంతి అసలే లేదా అంటే, ఉండేది. దాని పేరే వేరు. "ఆ మూడు రోజులే కాస్త నడుం వాల్చేవాళ్ళం" అని మా అమ్మమ్మ తరంవాళ్ళు అనగా మీరూ వినే ఉంటారు. ఎంత ఘోరమో చూడండి. అంటు అని పేరుపెట్టి, గుమ్మం బయట చాప వేసి కూర్చోబెడితేగానీ మనిషికి విశ్రాంతి దొరకలేదు. పురుడంటే విశ్రాంతి, అదీ మైలే. మామూలు రోజున, ఒంట్లో బాగానే ఉండగా, ఊరికే కాసేపు కూర్చునే హక్కు ఆవిడకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో అంటు పోయింది. పోవాల్సిందే. దాంతోపాటు ఆ మూడు రోజుల చాపా పోయింది. దాని బదులు టీవీలో తెల్ల ప్యాంటు వేసుకుని ఎగిరి గంతులేసే అమ్మాయి వచ్చి, ఆ రోజుల్లో కూడా ఆగకుండా పరిగెత్తమంటోంది. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తండి. నొప్పిగా ఉన్నవాళ్ళు పడుకుంటామంటే, మైల అనకుండా పడుకోనివ్వండి.

ఇక మన మంచి భర్తల మాట. "చెప్తే చేస్తాను కదా, నువ్వెప్పుడైనా అడిగావా?" ఇందులో "చెప్తే" అనేదే ఒక పని. ఉప్పు అయిపోవస్తోందని, గ్యాసు బుక్ చేయాలని, మామగారి బీపీ మాత్రలు బుధవారంతో సరి అని, ఎల్లుండి ఏకాదశి కాబట్టి ఉల్లిపాయ వద్దని, చిన్నదాని బూట్లు బిగుతయ్యాయని పగలూ రాత్రీ బుర్రలో మోసేది ఎవరు? ఆయన వంటింట్లోకి వచ్చి "జీలకర్ర ఎక్కడుంది, ఎంత వేయాలి, ఏ గిన్నె" అని పదిసార్లు అడిగితే, ఆవిడ కూర్చున్న చోటు నుంచే వంట చేస్తున్నట్టు లెక్క. దానికి "నేను మా ఆవిడకి సాయం చేస్తాను" అని పేరు. సాయం అనేది ఒకరి పనిలో ఇంకొకరు చేసేది. ఆయన తినే అన్నం వండటం, ఆయన కన్న పిల్లకి జడ వేయడం సాయం ఎలా అవుతుందండీ?

పనిమనిషిని పెట్టుకోండి అంటారు ఇంకొందరు. పెట్టుకోగలిగినవాళ్ళు పెట్టుకుంటున్నాం. ఆ వచ్చేది కూడా ఆడదే. నాలుగిళ్ళలో గిన్నెలు తోమి ఇంటికెళ్ళి మళ్ళీ తన గిన్నెలు తోముకుంటుంది. ఆవిడ రాని రోజున మనం ఫోన్ చేసి అరిచే అరుపులు కూడా ఈ సందర్భంగా గుర్తు చేసుకుంటే మంచిది. ఒక ఆడమనిషి గంట ఇంకో ఆడమనిషి గంటలోంచి వస్తే మగవాళ్ళ 88 నిమిషాలు కదలకుండా అక్కడే ఉంటాయి.

"నాకు ఇష్టమండీ, మా వాళ్ళకి చేసిపెట్టడంలోనే నాకు ఆనందం" అనే చెల్లెళ్ళున్నారు. ఆ ఆనందం అబద్ధమని నేననను. పిల్లాడు "అమ్మా, ఇంకో పూరీ" అన్నప్పుడు వచ్చే సంతోషం నాకూ తెలుసు. అయితే పి.సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ చదవని వాళ్ళుంటే ఒకసారి చదవండి. ఇల్లు అలికి అలికి, ఒకరోజు ఆ ఇల్లాలు తన పేరు ఏమిటో మరిచిపోతుంది. ఇంట్లో ఎవరిని అడిగినా అమ్మ అనో, ఏమోయ్ అనో తప్ప పేరు చెప్పలేరు. ఒకప్పటి స్నేహితురాలు పేరుపెట్టి పిలిస్తేగానీ గుర్తురాదు. బీఏలో తెలుగు చదివేటప్పుడు ఇలాంటివి చదివి కథలే కదా అనుకునేవాళ్ళం. పెళ్ళయ్యాక చూస్తే, పాల ప్యాకెట్ల అబ్బాయి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాకా మనం ఫలానా ఫ్లాటు మేడమ్‌మే. ఇష్టంతో చేసే పని ఒక పూట మానేస్తే ఇల్లు అదిరిపోకూడదు. అదిరిపోతోందంటే అది మీ ఇష్టం మీద నడవడం లేదని అర్థం.

కాబట్టి నేను గంట అడగమని చెప్పను. గంట అడిగితే ఇస్తారు, రెండు రోజులు ఇచ్చి మూడో రోజు "చిన్నది ఏడుస్తోంది, ఒక్కసారి రా" అంటారు. పని అప్పజెప్పండి. సగం కాదు, మొత్తం. ఉదాహరణకి పొద్దుటి కాఫీ. డికాషన్ వేయడం, పాలు తెచ్చి కాచడం, కాఫీపొడి అయిపోతే తెచ్చుకోవడం, చివర్లో ఆ ఫిల్టరు కడిగి బోర్లించడం, మొత్తం ఆయనది. మొదటి వారం డికాషన్ నీళ్ళలా ఉంటుంది. ఉండనివ్వండి. "ఇలా ఇవ్వండి, నేనే కలుపుతాను" అన్నారో, అయిపోయింది, ఇక జన్మలో ఆయన ఫిల్టరు ముట్టరు. మనలో చాలామందికి ఈ చెయ్యి ఊరుకోదు, అది నిజం. పొంగిన పాలు తుడవకుండా అవతల గదిలో కూర్చోవడం నాలుగింటికి లేవడం కంటే కష్టం.

రాత్రి గిన్నెలు పదో తరగతి అబ్బాయి కడగగలడు. క్రికెట్ బ్యాటు పట్టిన చెయ్యి స్క్రబ్బరు పట్టుకుంటే విరిగిపోదు. "మగపిల్లాడి చేత గిన్నెలా?" అని మొదట నోరు నొక్కుకునేది మన అమ్మలూ అత్తగార్లే. వాళ్ళని ఎదిరించి పోట్లాడక్కర్లేదు. "అవును అత్తయ్యగారూ, వాడే. రేపు హాస్టల్లో వాడికి ఎవరు కడుగుతారు?" అని ఊరుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మాత్రం పరీక్షలూ పెళ్ళిళ్ళూ చూసుకుని పెట్టుకోకండి. తారీకు క్యాలెండరు మీద రాసి, ఆ పూట వంట ఎవరిదో పక్కనే వాళ్ళ పేరు రాయండి.

వాళ్ళు ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న వస్తుంది. "సరే, ఆ గంటలో ఏం చేస్తావు?" యోగా అంటే ఒప్పుకుంటారు, కుట్లూ అల్లికలూ అంటే ఇంకా సంతోషిస్తారు. పార్కులో టీ తాగొచ్చిన మనిషిని "ఈ గంటన్నరా ఏం సాధించావు?" అని మనం ఎప్పుడైనా అడిగామా? ఏమీ చేయక్కర్లేదు. పడుకోవచ్చు. పాత నవల ఇరవై పేజీలు చదివి అక్కడే మూసేయొచ్చు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధిలో పోయే కూరగాయల బండిని చూస్తూ కూర్చోవచ్చు, ఏమీ కొనకుండా.